రీలప్ప

మా అనంతపురంలో రీలప్ప లేని వీధి లేదు. నేను చెప్పేది మా వీధి రీలప్ప సంగతి. చేతిలో ఫోను, చంకలో ట్రైపాడు, చొక్కాకు చిన్న మైకు. ఇంజనీరింగ్ పట్టా గోడెక్కింది, ఆయన రోడ్డెక్కాడు.

మొదట్లో ఆయన టిక్కప్ప. మా అవ్వకు నోరు తిరగక తిక్కప్ప అనేది, రెండూ అతికేవి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించిన రాత్రి సంగటి ముద్ద ముట్టలేదు. ఆ జులైలోనే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. తలస్నానం చేసి, రీలప్పగా మళ్లీ పుట్టాడు.

కుర్రకారును అంగడి దాకా రప్పించడం ఆయన వృత్తి. "మూడు సెకన్లప్పా! ఆలోగా పట్టుకోకుంటే పిల్లోళ్లు వేలితో తోసేస్తారు" అన్నది సిద్ధాంతం. ధర్మవరంలో ఒక మగ్గం ముందూ ఇదే చెప్పాడు. నేతపని పెద్దాయన తలెత్తకుండానే, "మూడు సెకన్లకు ఒక పోగు పోతాదబ్బీ. చీర కావల్లంటే రోజులు పడ్తాది. ఉంటావా?" అన్నాడు. రీలప్ప ఆ మాటనే రికార్డు చేసి, పెద్దాయన ముఖం కత్తిరించి, తన ముఖం అతికించి వదిలాడు.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద తువ్వాలు పదహారుసార్లు లాగించాడు. పదిహేడోసారికి తువ్వాలు చిరిగింది. స్తంభమూ కదల్లేదు, వ్యూసూ కదల్లేదు.

తొలకరి పడితే వజ్రకరూరు చేలల్లో జనం వజ్రాల కోసం తలొంచుకుని తిరుగుతారు. రీలప్పది ఏడాది పొడుగునా అదే నడక. చూపు మాత్రం ఫోను మీద.

మొన్న ఒక ఉగ్గాని హోటలుకు ప్రచారం ఒప్పుకున్నాడు. పొగ కనబడాలని మిరపకాయ బజ్జీలు విరిచి, మళ్లీ వేయించి, మళ్లీ విరిచి, ఒక వాయంతా చల్లార్చాడు. వారానికి లక్ష వ్యూసు. హోటలాయన ప్లేట్లు లెక్కబెట్టుకుని అడిగాడు:

"ఆ లచ్చ మంది యాడుండారబ్బీ?"

"శానామంది బెంగళూర్లోన్నా."

"నా కొడుకూ ఆడే ఉండాడు. వానికి చెప్పేదానికి నీకు దుడ్లు యాల?"

రీలప్పకు జవాబు దొరకలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. శనక్కాయ పంట ఎండిన ప్రతిసారీ పిల్లలు బెంగళూరు బస్సెక్కుతారు. ఆయన వెతికే కుర్రకారు ఆ బస్సులోనే పోయింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రీలప్ప ట్రైపాడు మరిచి, చూరు కింద నిలబడి ఉత్తచేత్తో తీశాడు. పాట లేదు, తన ముఖం లేదు. రాత్రంతా కామెంట్లు ఒకటే: "మా ఊర్లో పడిందా అన్నా?" ఊరూరికీ ఫోను చేసి, కనుక్కుని, జవాబులు రాశాడు. కూడేరులో పడింది. ఆత్మకూరులో తుంపర. బెళుగుప్పలో మబ్బే. ఆ పనికి ఎవరూ దుడ్లివ్వలేదు, ఆయనా అడగలేదు.

మా అవ్వ ఇప్పుడాయన్ని వానప్ప అంటుంది. ఈసారి నోరు బాగానే తిరిగింది.