తొలిచూలు టీవీకి పన్ను మినహాయింపు కోరుతూ

కేంద్ర ఆర్థిక మంత్రి గారి సముఖానికి,

విజయవాడ వాస్తవ్యుడు, రిటైర్డు ఫిజిక్సు లెక్చరరు అయిన అర్జీదారుడు విన్నవించుకునేది ఏమనగా:

అర్జీదారుడు ఒక టీవీ కొనదలిచాడు. కొనదలిచి నెలయింది. బందరు రోడ్డులోని షోరూముకి ఈ నెలలోనే నాలుగుసార్లు వెళ్ళాడు. మొదటిసారి టీ తెప్పించిన సేల్సు కుర్రాడు నాలుగోసారి మంచినీళ్ళ దగ్గరే ఆగిపోయాడు. ఆ టీవీ పేరులో ఆర్‌జీబీ అని ఉంది. పక్కనే అదే సైజులో ఉన్న మామూలు టీవీకి రెండింతలు దాటింది దాని ధర. ఎందుకయ్యా అంత అంటే, "కొత్త టెక్నాలజీ సార్, ఫస్ట్ టైమ్ వస్తోంది" అన్నాడు కుర్రాడు, అదేదో ధైర్యం చెప్పే మాటైనట్టు.

అర్జీదారుడి దిగులు మొదలైందే ఆ మాటతో.

ఆయన తాతగారు సంతలో గేదెను కొనాలంటే రెండు పూటలా పాలు పిండించి చూడందే బేరం కుదుర్చుకునేవారు కారు. తొలిచూలు గేదె జోలికి అసలు పోయేవారు కారు. ఎన్ని పాలిస్తుందో, తన్నుతుందో తన్నదో, దాని ఆసామికే ఇంకా తెలియదు కదా అనేవారు. రెండో ఈతదో మూడో ఈతదో చూసి తోలుకొచ్చేవారు. షోరూములో ఇలా పిండి చూసే వీలు లేదు. అక్కడ ఏ తెర మీదైనా కంపెనీవారి సొంత వీడియోనే ఆడుతుంది: గాజు తొట్టెలో చేపలు, హోలీ రంగులు, చెంచా మీంచి జారే తేనె. "బాబూ, ఒక్కసారి ఈటీవీ వార్తలు పెట్టు" అని అర్జీదారుడు అడిగాడు. షోరూముకి కేబుల్ కనెక్షను లేదట.

మనిషి ఫిజిక్సు చెప్పి బతికినవాడు కనుక లోపల ఏముందో ఆరా తీశాడు. మనం ఎల్‌ఈడీ టీవీ అని పిలిచేది నిజానికి ఎల్‌సీడీయే. ముందు ఎల్‌సీడీ పలక, వెనక దీపాలు. ఆ దీపాలు తెల్లవైనా కావచ్చు, నీలివైనా కావచ్చు. నీలివైతే క్వాంటమ్ డాట్ల పొర ఒకటి ఆ వెలుగులో కొంతభాగాన్ని ఎరుపుగా, ఆకుపచ్చగా మారుస్తుంది. కొత్తదానిలో వెనకున్న దీపాలే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగులవి; ఆర్‌జీబీ అంటే అదే. తెర మీద ఎర్రచీర వచ్చిన చోట వెనక ఎర్రదీపమే వెలుగుతుంది. రంగు చిక్కబడుతుంది. చూడడానికి నిజంగానే బాగుంది, అర్జీదారుడు అబద్ధం చెప్పడు.

చిక్కు ఎక్కడంటే, 4కే తెర మీద చుక్కలు 82,94,400. వెనక దీపాలు వాటితో పోలిస్తే ఎంతో తక్కువ. ఒక్కో దీపపు గుంపు వెలుగును బోలెడు చుక్కలు పంచుకోవాలి. ఎర్రచీర పక్కన పచ్చటి అరటాకు వచ్చిందనుకోండి, ఏ దీపం ఎంత వెలగాలో లోపలి చిప్ రెప్పపాటులో తేల్చుకోవాలి. తేల్చుకోలేకపోతే ఒకదాని రంగు ఇంకొకదాని అంచుకు అంటుతుంది. ఇలాంటి పంచాయితీలు తీర్చడం చిప్‌లు ఒక్కో తరం గడిచేకొద్దీ నేర్చుకుంటాయి. అంటే మొదటివి నేర్చుకుంటూ ఉండగానే మనింట్లో ఉంటాయన్నమాట.

ఇంకోటి. ఈ టీవీలు గొప్పగా చెప్పుకునే బీటీ.2020 అనే రంగుల పరిధిని 2012లోనే ప్రమాణంగా రాసిపెట్టారు. కానీ హెచ్‌డీఆర్ సినిమాలు ఇప్పటికీ ఎక్కువభాగం డిజిటల్ థియేటర్ల కోసం ఏర్పరచుకున్న పీ3 అనే చిన్న పరిధిలోనే తయారవుతున్నాయి. నాలుగు గదుల ఇల్లు కట్టించుకుని మూడు గదుల్లో కాపురం చేయడం లాంటిది. నాలుగో గదికీ ఈఎంఐ కడుతూనే ఉండాలి.

ధర విషయానికొస్తే, ఈ జాతి టీవీని హైసెన్స్ 2025 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో 116 అంగుళాల తెరతో చూపించింది. శాంసంగ్ అదే ఏడు ఆగస్టులో 115 అంగుళాలది కొరియాలో 4.49 కోట్ల వాన్లకు, అంటే అమెరికా లెక్కలో దాదాపు 32 వేల డాలర్లకు, అమ్మకానికి పెట్టింది. డిసెంబరు వచ్చేసరికి అదే కంపెనీ, 2026లో 55 అంగుళాల నుంచే తెస్తామని ప్రకటించింది. ఆగస్టులో కొన్న ఆసామి ఎవరో, అప్పటికి ఆయన ఇంట్లో గోడకు మేకులైనా సరిగ్గా దిగాయో లేదో.

అయినా ఇది కొత్త కథ కాదు. 1950లో అమెరికా ప్రభుత్వం సీబీఎస్ కంపెనీ కలర్ పద్ధతికి ఆమోదముద్ర వేసింది. అందులో తెర ముందు రంగుల చక్రం ఒకటి గిరగిరా తిరుగుతుండేది. జనం ఇళ్ళలో అప్పటికే ఉన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలకు ఆ ప్రసారాలు అందేవి కావు. 1951 జూన్‌లో ప్రసారాలు మొదలయ్యాయి, అక్టోబరులో ఆగిపోయాయి. కారణంగా కొరియా యుద్ధాన్ని చూపించారు. అప్పటికి అమ్ముడైన సెట్లు వందో ఎన్నో. సీబీఎస్ చేసిన పనిని మాత్రం అర్జీదారుడు తమరి దృష్టికి ప్రత్యేకంగా తెస్తున్నాడు: దొరికినన్ని సెట్లను కొన్నవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి కొనేసింది. ఆ తర్వాత ఇంత మర్యాద ఎవరూ చూపినట్టు ఆయన ఎక్కడా చదవలేదు. 1954 మార్చిలో ఆర్‌సీఏ కంపెనీ తన మొదటి కలర్ టీవీని 1,000 డాలర్లకు తెచ్చింది, ఆ వేసవి దాటకముందే 495కి దించింది. ముందు కొన్నవాళ్ళకు మిగిలింది రంగుల బొమ్మా, పొరుగింటివాడి నవ్వూ.

ఓలెడ్ కథ మరీ దగ్గరిది. సోనీ 2007లో జపాన్‌లో ఎక్స్‌ఈఎల్-1 తెచ్చింది. తెర మందం 3 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు 11 అంగుళాలు, ధర 2 లక్షల యెన్లు. మన పెళ్ళి ఆల్బమ్ కూడా అంతకంటే పెద్దది. 2013లో ఎల్‌జీ 55 అంగుళాల వంపు తెర ఓలెడ్‌ను అమెరికాలో 14,999 డాలర్లకు పెట్టింది, శాంసంగ్ తనదాన్ని 8,999కి పెట్టింది. శాంసంగ్‌ది మూడు రంగుల సేంద్రియ చుక్కల్ని పక్కపక్కనే అమర్చే పద్ధతి. పెద్ద తెరకు అది ఫ్యాక్టరీలో లొంగే పని కాలేదు, పైగా నీలం చుక్క మిగతా రెంటి కంటే ముందు ముసలిదవుతుంది. ఎల్‌జీ మాత్రం తెల్లవెలుగు ఓలెడ్ మీద రంగు ఫిల్టర్లు వేసుకునే దారి పట్టింది. దానికి మూలం కొడాక్ పరిశోధనలు, ఆ పేటెంట్లను 2009లోనే కొనేసుకుంది. 2014లో అదే 55 అంగుళాలను 3,499 డాలర్లకు అమ్మింది. శాంసంగేమో ఓలెడ్ టీవీలకే దణ్ణం పెట్టి, తొమ్మిదేళ్ళ తర్వాత 2022లో వేరే పద్ధతితో మళ్ళీ వచ్చింది. 2013లో కొన్నవాడి టీవీ అలా ఏ వంశవృక్షంలోనూ చేరని కొమ్మైపోయింది.

ఇక తమరి ఖజానాకు నేరుగా సంబంధమున్న ఉదాహరణ. శాంసంగ్ 2023 ఆగస్టులో మన దేశంలో 110 అంగుళాల మైక్రో ఎల్‌ఈడీ టీవీని 1,14,99,000 రూపాయలకు ప్రకటించింది. ఇందులో వెనక దీపాల్లేవు, ప్రతి చుక్కా తానే దీపం. చుక్కకు మూడు చొప్పున దాదాపు 2 కోట్ల 49 లక్షల బుల్లి దీపాలు. వాటిని పుట్టిన చోటి నుంచి తీసి తెర మీద నాటాలి. నాట్లు వేసే కూలీలు పదివేల మొక్కలకు ఒక్కటే తప్పేంత నిపుణులే అనుకున్నా, చివరికి 2,488 దీపాలు చచ్చిపోయి మిగులుతాయి. ఒక్కోదాన్నీ వెతికి మార్చాలి. అందుకే ఆ ధర. అప్పట్లో 32 అంగుళాలు మించిన టీవీలకు జీఎస్‌టీ 28 శాతం. ప్రకటించిన ధరనే లెక్కలోకి తీసుకుంటే అందులో ప్రభుత్వ వాటా 25 లక్షల 15 వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి తమరు దాన్ని 18కి తగ్గించారు, కృతజ్ఞతలు. ఆ టీవీని అంతకుముందే కొన్న మహానుభావుడెవరైనా ఉంటే అక్కడా తొలిచూలు దెబ్బే తిన్నాడు.

ఆగితే సరిపోదా అని తమరు అడగవచ్చు. అర్జీదారుడి శ్రీమతి కూడా అదే అడిగారు. ఆగడంలోనూ ప్రమాదముంది. కెనాన్, తోషిబా కలిసి ఎస్‌ఈడీ అనే అద్భుతమైన తెరను 2006లో ప్రదర్శనల్లో చూపించాయి, పత్రికలు నోరు వెళ్ళబెట్టాయి. దానికి అడ్డుపడింది పేటెంటు కోర్టు కేసు, ఆపైన ఎల్‌సీడీల ధరల పతనం. అంగట్లోకి రాకుండానే 2010లో కెనాన్ దాన్ని చాప చుట్టేసింది. దాని కోసం ఆగినవాడు నాలుగేళ్ళు గోడ చూసుకుంటూ కూర్చున్నట్టే. పోనీ బాగా ముదిరాక కొందామా అంటే, పయొనీర్ వారి కురో ప్లాస్మా టీవీలు ఉన్నాయి. కురో అంటే జపాన్ భాషలో నలుపు. అంత చక్కటి నలుపు అప్పటికి ఇంకెవరూ చూపించలేదని నిపుణులు మెచ్చుకుంటుండగానే, 2009 ఫిబ్రవరిలో ఆ కంపెనీ టీవీల వ్యాపారమే మానుకుంటున్నట్టు ప్రకటించింది. మరోపక్క 1968 నాటి సోనీ ట్రినిట్రాన్ మొదటి కాన్పులోనే బంగారు దూడను ఈనింది. తాతగారి సూత్రం కూడా అన్నిసార్లూ చెల్లదు.

అర్జీదారుడి సొంత రికార్డు ఈ విషయంలో అంత మచ్చలేనిదేమీ కాదు. ఆయన తండ్రిగారు బుద్ధిమంతుడు. 1982లో దేశానికి కలర్ ప్రసారాలు వచ్చాక కూడా, 1986లో హైదరాబాదు ఈసీఐఎల్ వారి బ్లాక్ అండ్ వైట్ ఈసీ టీవీయే కొన్నారు. డాబా మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని ఒకరు, "పోయింది!" అని ఒకరు కేకలు వేసుకుంటూ ఆ ఇల్లు పధ్నాలుగేళ్ళు దానితోనే గడిపింది. కొడుక్కి ఆ బుద్ధి రాలేదు. 2011లో 3డీ టీవీ కొన్నాడు. దానిలో చూడదగిన సినిమాలు చేతివేళ్ళకు మించలేదు. 2017 నాటికి పెద్ద కంపెనీలన్నీ 3డీకి మంగళం పాడేశాయి. దాని ప్యానెల్ పోయినప్పుడు మెకానిక్కు, "పార్టు రాదు సార్, వచ్చినా కొత్త టీవీ కొన్నంత అవుతుంది" అని తేల్చేశాడు. కళ్ళజోళ్ళు ఇప్పటికీ షోకేసులో కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన ఉన్నాయి. మనవలు వచ్చినప్పుడు పెట్టుకుని పోలీసాట ఆడుకుంటారు.

"ఏవండీ, సీరియల్లో అత్తగారి కన్నీళ్ళు ఎనభై మూడు లక్షల చుక్కల్లో కనబడకపోతే వచ్చిన నష్టమేంటి?" అన్నారు శ్రీమతి. దీనికి ఫిజిక్సులో సమాధానం లేదు.

ఇప్పుడు అసలు విన్నపం. తొలిచూలు టీవీ కొన్నవాడు టీవీ ఖరీదుతో పాటు ఇంకోటి కూడా చెల్లిస్తున్నాడు. ఫ్యాక్టరీ పని నేర్చుకోవడానికి ఫీజు కడుతున్నాడు. అతడు కట్టకపోతే రెండో ఈత లేదు, మూడో ఈత లేదు, నాలుగేళ్ళకు మన వీధిలో అందరూ సగం ధరకు కొనుక్కోవడమూ లేదు. కంపెనీ తన పరిశోధనకు పెట్టే ఖర్చు మీద పన్ను మినహాయింపు ఇస్తున్నారు, ఒకప్పుడు వంద ఖర్చుకు రెండు వందలుగా లెక్కగట్టి మరీ ఇచ్చారు. అదే పరిశోధనకు లెక్చరరు పెన్షనులోంచి పోయిన సొమ్ముకు ఏ సెక్షనూ లేదు. కాబట్టి మామూలు టీవీ ధరకు మించి చెల్లించిన మొత్తాన్ని ప్రజాహితార్థం ఇచ్చిన విరాళంగా గుర్తించి, ఆదాయపు పన్ను చట్టం 80జీ సెక్షను కింద మినహాయించవలసిందిగా ప్రార్థన. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల అంకెలు మారాయని తెలుసు, అలవాటు కొద్దీ పాత అంకె రాశాడు. రెండు వేలు మించిన నగదు విరాళానికి ఆ సెక్షను వర్తించదనీ తెలుసు, అందుకే కార్డు మీద కొంటాడు.

తమ శాఖకు ఈ తొలిచూలు సంగతి కొత్తేమీ కాదు. 2020లో కొత్త పన్ను విధానం ప్రవేశపెట్టినప్పుడు అందులో స్టాండర్డ్ డిడక్షన్ లేదు. అర్జీదారుడు తాతగారిని తలుచుకుని పాత విధానంలోనే ఆగాడు. 2023లో 50 వేల డిడక్షన్ వచ్చింది, 2024లో అది 75 వేలయింది, 2025లో 12 లక్షల దాకా ఆదాయానికి పన్నే లేకుండా పోయింది. అప్పుడు మారాడు. మారాక తెలిసిందేమంటే, కొత్త విధానంలో 80జీ చెల్లదు. అంటే తమరు ఈ అర్జీ మంజూరు చేసినా ఆయనకు పైసా రాదు. అయినా తన తర్వాత కొనేవాళ్ళ కోసం అడుగుతున్నాడు. తొలిచూలు కొనేవాళ్ళ అలవాటే అంత.

అది కుదరకపోతే, కనీసం డబ్బా మీద కరెంటు పొదుపు నక్షత్రాలు అంటించే చోటే, ఇది ఎన్నో ఈతదో, దీని ప్యానెల్ ఎన్నేళ్ళు దొరుకుతుందో పెద్ద అక్షరాల్లో రాయించగలరు. అది తమ శాఖ పని కాదంటే సంబంధిత శాఖకు పంపగలరు. దసరా ఆఫరు ఆదివారంతో ముగుస్తుంది కనుక ఆలోపు పంపగలరు.

ఇట్లు
విధేయుడు, అర్జీదారుడు

జతపరచినవి: 3డీ కళ్ళజోళ్ళు నాలుగు (ఒకదానికి కాలు లేదు).

తా.క.: పై ఉత్తరం పోస్టు చేయడానికి వెళ్తూ దారిలో షోరూముకి వెళ్ళి అర్జీదారుడు ఐదు వేలు అడ్వాన్సు కట్టి వచ్చాడు. శ్రీమతికి ఇంకా చెప్పలేదు. జవాబు ఇంటికి కాకుండా, వీధి చివర మెడికల్ షాపు చిరునామాకు పంపమని మనవి.