సీటు నాన్న

ఏటా జూన్ నెలాఖరుకి ఉద్దానంలో ఒక కొత్త రకం మనిషి పుడతాడు. పుట్టేసరికే అతనికి నలభై దాటి ఉంటాయి. చంకలో ఓ పాలిథిన్ కవరు ఉంటుంది. ఆ కవర్లో పదో తరగతి మార్కుల జాబితా, దాని జెరాక్సులు, ఆ జెరాక్సులు పోతాయేమోనని తీయించిన మరికొన్ని జెరాక్సులు. నిన్నటిదాకా అతను కాశీబుగ్గలో ఓ జీడి ఫ్యాక్టరీ గుమాస్తా. పిక్కల బస్తాలు లెక్కపెట్టుకుంటూ, ఎవరైనా పలకరిస్తే తలూపి ఊరుకునే మనిషి. ఇవాళ్టి నుంచి అతనికి పేరు కూడా అక్కర్లేదు. ఊరంతా 'సీటొచ్చిన గుంట తండ్రి' అంటుంది. నేను కాస్త పొదుపు చేసి సీటు నాన్న అంటాను.

సీటు ఎక్కడంటే ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో. రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ అని పూర్తి పేరు. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలైంది. మన శ్రీకాకుళం జిల్లాకి 2016లో వచ్చింది. పదో తరగతి అవగానే పిల్లల్ని తీసుకుని రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు ఇంజనీరింగు చెప్పి పంపిస్తారు.

"మీ అమ్మికి సీటొచ్చిందటగదా?"

"ఒచ్చింది. ఆరేళ్లు."

"ఏ బ్రాంచీ?"

"బ్రాంచీ తరవాత సూసుకోవచ్చు బావా. ముందు ఆరేళ్లు."

ఆరేళ్లు అన్నప్పుడు అతని గొంతు వింటే, ఆరెకరాల కొబ్బరితోట రిజిస్ట్రేషను అయినట్టే ఉంటుంది.

ఇంకో మార్పు కూడా గమనించాను. పోయినేడు దాకా పెళ్లిళ్లలో ఎవరైనా "పిల్ల ఎక్కడ చదువుతోంది?" అంటే, సీటు నాన్న "ఇక్కడే... దగ్గర్లోనే" అని మాట పప్పు గిన్నె మీదకి మళ్లించేవాడు. తోడల్లుడి కొడుకు విశాఖలో ఏసీ గదుల బళ్లో ఉన్నాడు మరి. ఇప్పుడు అడక్కపోయినా చెబుతున్నాడు. "జిల్లా పరిషత్తు హైస్కూలు! గవర్నమెంటు బడి!" ట్రిపుల్ ఐటీ ప్రవేశాలకి పదో తరగతి మార్కులే కొలత. అందులోనూ హాస్టలు లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 4 శాతం డిప్రివేషన్ స్కోరు కలుపుతారు. ఈ నాలుగు శాతం సంగతి తెలిశాక, తాను దూరదృష్టితోనే పిల్లని సర్కారు బడిలో వేశానని అతను నమ్మడం మొదలుపెట్టాడు. ఫీజు కట్టలేక వేశాడని అతని భార్యకి తెలుసు. ఆవిడ ఏమీ అనదు. వంటింట్లో గిన్నె కాస్త గట్టిగా పెడుతుంది, అంతే.

ఇక కాగితాలు. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలన్నారు. నాలుగో తరగతి బడికి వెళ్తే అప్పటి హెడ్మాస్టరు మందసకి బదిలీ అయిపోయాడు. కొత్తాయన "రిజిస్టరు చూసి ఇస్తాను, రేపు రండి" అన్నాడు. సీటు నాన్నకి రేపటి మీద నమ్మకం లేదు. హెడ్మాస్టరు కుర్చీ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సత్యాగ్రహం అనుకుని ఆయన కంగారుపడి అప్పటికప్పుడు రాసిచ్చాడు. ఇతనికి నిజానికి మోకాళ్ల నొప్పి, కుర్చీ లేక కూర్చున్నాడు.

అతనికి కాగితం విషయంలో ఇంకో జబ్బుంది, దానికి కారణం తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరిచెట్లు తోటలకి తోటలే పడుకున్నాయి, జీడిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. సీటు నాన్న ఇంటి రేకులు పక్కవాళ్ల పెరట్లో దొరికాయి. పట్టాదారు పాసుపుస్తకం బావిలో దొరికింది. అప్పటినుంచీ ప్లాస్టిక్ తొడుగు లేని కాగితాన్ని అతను కాగితంగా ఒప్పుకోడు. రేషను కార్డు, ఆధార్, పిల్ల రెండో తరగతిలో గీసిన చిలక బొమ్మ, కరెంటు బిల్లు, అన్నీ లామినేషన్ చేయించాడు. అదే ఊపులో టీసీ కూడా.

హైస్కూలు మాస్టారు చూసి గుడ్లు తేలేశారు. "ఒరిజినలుకి తొడుగేసీసినావేటయ్యా? రేపు కాలేజీవాళ్లు ముద్ర ఎక్కడ వేస్తారు?"

"పైనే ఎయ్యమనండి మాస్టారూ. తప్పు పడితే తడిగుడ్డతో తుడిసీసి మళ్లీ ఎయ్యొచ్చు."

సామాన్ల దగ్గరికొస్తే, మొదట ట్రంకు పెట్టె. అది ఆర్మీ బావమరిది శాఖ. మన జిల్లాలో ప్రతి రెండు మూడిళ్లకీ ఒక ఆర్మీ బావమరిది ఉంటాడు, సెలవుకొచ్చినప్పుడల్లా ఊళ్లో ఏ పనినైనా సైనిక పద్ధతిలో చేసి పెడతాడు. పెట్టెకి ఆకుపచ్చ రంగు వేయించి, మూత మీద తెల్ల అక్షరాలతో పిల్ల పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం, వయా, జిల్లా, పిన్‌కోడు రాయించాడు. ఇంకా చోటు మిగిలితే బ్లడ్ గ్రూపు రాయించాడు.

"బ్లడ్ గ్రూపు ఎందుకు మావయ్యా?" అంది పిల్ల.

"మాకు అలాగే రాస్తారు."

"యుద్ధంలో కదా?"

"ఫస్టియరు మాత్రం ఏటనుకున్నావు?"

పెట్టెలోకి ఏం వెళ్లాయో రాస్తే ఈ పత్రిక సరిపోదు. రెండు తాళం కప్పలు, రెండూ ఒకదాని తాళంచెవితో ఇంకొకటి తెరుచుకునేవి. దోమతెర. బట్టలారేసుకోడానికి కొబ్బరి పీచు తాడు ఇరవై బారలు, హాస్టలు మొత్తం చుట్టొచ్చు. ఇంటి కొబ్బరినూనె రెండు లీటర్లు. చోడిపిండి. ఆవకాయ, పనసపొట్టు వడియాలు, చేగోడీలు. మామ్మ ఎవరికీ చెప్పకుండా కాగితంలో చుట్టి తలగడ గలేబులో దాచిన ఎండు నెత్తళ్లు. వీటి సంగతి చెప్పకపోయినా తలగడే చెప్పేసింది.

నాకు ఇందులో వింతగా తోచేది ఒకటుంది. ఇది పంపడం రాని ఊరు కాదు. శ్రీకాకుళం జిల్లాకి పుట్టుకతో వచ్చిన విద్యే పంపడం. వజ్రపుకొత్తూరు తీరం కుర్రాడు గుజరాత్ వీరావల్‌కి వేటకెళ్తే ఎనిమిది తొమ్మిది నెలలు సముద్రం మీదే. అతని సామాను ఒక్క సంచి. లుంగీలు రెండు, బీడీ కట్టలు నాలుగు, ఆధార్ జెరాక్సు ఒకటి. సర్దడానికి అరగంట ఎక్కువ. హైదరాబాదు కూలికి పోయేవాళ్లు పలాసలో ఫలక్‌నుమా జనరల్ పెట్టెలోకి కిటికీలోంచి సంచి విసిరి, గుమ్మంలోంచి తాము ఎక్కుతారు. ఈ సీటు నాన్న కూడా ఓ వయసులో అలా వెళ్లొచ్చినవాడే. అలాంటి మనిషి, బస్సులో రెండు మూడు గంటల దూరంలో, అదే జిల్లాలో ఉన్న కాలేజీకి పిల్లని పంపడానికి టాటా ఏస్ మాట్లాడాడు.

ఎందుకంటే కూలికెళ్తే అక్కడ ఏముంటుందో తెలుసు. అన్న వెళ్లాడు, మేనమామ వెళ్లాడు, నాయిన వెళ్లాడు. కాలేజీకి ఆ ఇంట్లోంచి ఎవరూ వెళ్లలేదు. అక్కడ బకెట్టు ఉంటుందో లేదో, గోడకి మేకు ఉంటుందో లేదో, రాత్రిపూట ఆకలేస్తే ఎవరినడగాలో తెలీదు. తెలియనిదాన్నంతా సామానుగా మార్చి పెట్టెలో పెడుతున్నాడు. అందుకే మూత పడటం లేదు.

టెక్కలి నాన్న అని ఇంకో రకం ఉన్నాడు. అతని బిడ్డకి టెక్కలిలో 2001 నుంచీ నడుస్తున్న ఇంజనీరింగు కాలేజీలో సీటు. పొద్దున్న కాలేజీ బస్సు ఇంటి మలుపులో ఎక్కించుకుంటుంది, సాయంత్రం అక్కడే దింపుతుంది. అతని ఏర్పాట్లు ఒక టిఫిన్ క్యారేజీతో సరి. పైకి "మాకేం బెంగ లేదండి, కళ్లెదుటే ఉంటాది" అంటాడు గానీ, సీటు నాన్న ట్రంకు పెట్టె రిక్షాలో పోతూంటే వెనక నుంచి చూసే చూపులో ఈర్ష్య ఉంది. పెట్టె లేని చదువేం చదువు!

జీడిపప్పు ఘట్టం దగ్గర మాత్రం సీటు నాన్నకి ఎవరి సలహా అక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా గ్రేడింగు బల్ల పక్కనే బతికాడు. పౌనుకి 180 గింజలు తూగేది అన్నిటికన్నా లావు గుండు, ఆ తర్వాత 210, 240, 320. ఆ కింద బద్ద, ఆ కింద ముక్క, నూక. మనుషుల్ని కూడా అతను ఈ లెక్కలోనే చూస్తాడు. పొట్లాలు కట్టి పేర్లు రాశాడు. వార్డెనమ్మకి 180. లెక్కల మాస్టారికి 210, ఇంగ్లీషు మాస్టారికి 240. గదిలో తోటి పిల్లలకి 320. గేటు దగ్గర సెక్యూరిటీకి బద్ద.

"ఇంగ్లీషాయనకి తక్కువెందుకు నానా?"

"లెక్కలు తప్పితే సీటు పోతాది. ఇంగ్లీసు తప్పితే పరువు పోతాది. పరువుకి 240 సాలు."

పిల్లకి తన వంతుగా ఏం కట్టాడో చూస్తే ముక్కలు. "ఇంట్లోవోళ్లకి గుండ్లు ఎవడు పెడతాడు, అవి అమ్మడానికి" అన్నాడు. అది ఆ ఊరి మొత్తం ధర్మం. గుండు పప్పు పండించేవాడూ, కాల్చేవాడూ, చేతులు నల్లబడేలా పిక్క కొట్టే ఆడవాళ్లూ, అందరూ పాయసంలో ముక్కలే వేసుకుంటారు.

ఇంత సర్దుబాటూ పగటిపూట. రాత్రి అతను పడుకున్నాక రెండో షిఫ్టు మొదలవుతుంది. భార్య దీపం తగ్గించి పెట్టె తెరిచి, సగం సామాను తీసి మంచం కిందకి తోస్తుంది. ఇరవై బారల తాడులో నాలుగు బారలు కోసి ఉంచుతుంది. అతను పెట్టడం మరిచిపోయినవి, అంటే ఆడపిల్లకి నిజంగా కావలసినవి, అడుగున పెడుతుంది. పొద్దున్నే అతను మూత నొక్కి చూసి "సూసినావా, నాను సర్దితే ఎలా పడిపోనాదో!" అంటాడు. ఆవిడ మళ్లీ ఏమీ అనదు.

ప్రయాణం నాడు విద్యార్థిని ఒక్కత్తి, సాగనంపేవాళ్లు పదకొండుగురు. టెక్కలి, కోటబొమ్మాళి, నరసన్నపేట. మడపాం దగ్గర వంశధార వంతెన మీద బండి ఆపమని మామ్మ పట్టుబట్టింది, రూపాయి వెయ్యాలట. హైవే మీద ఆపకూడదని డ్రైవరు. కదిలే బండిలోంచి విసిరితే వెనక మోటారు సైకిలు వాడి హెల్మెట్‌కి తగిలింది. పుణ్యం అతనికి పోయిందేమోనని మామ్మ శ్రీకాకుళం దాకా గొణిగింది. అరసవల్లిలో సూర్యనారాయణస్వామి దర్శనం అయ్యాక, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా శ్రీకూర్మం కూడా చూసేద్దామంది. అప్పుడు పిల్ల మొదటిసారి గొంతు పెంచింది. "మామ్మా! నాను సదువుకోడానికెల్తున్నాను."

హాస్టల్లో మిగతా తల్లిదండ్రులు ఫ్యాకల్టీ గురించి, ప్లేస్‌మెంట్ల గురించి అడుగుతున్నారు. సీటు నాన్న వరసలో ముందుకు తోసుకుని వెళ్లి అడిగింది ఒకే ప్రశ్న.

"ఇక్కడ నీళ్లెక్కడివండి?"

వెనక ఎవరో నవ్వారు. వాళ్లది ఏ ఊరో గానీ ఉద్దానం మాత్రం కాదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు తాకని వాడ వెతుక్కోవాలి. అసలు కారణం ఇదీ అని ఏళ్ల తరబడి పరిశోధనలు చేసినవాళ్లే తేల్చలేకపోయారు. అందుకని జనం ముందుగా నీటినే అనుమానిస్తారు. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రెండూ 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అయినా ఈ ప్రశ్న నాలుక మీద నుంచి పోలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఇది అడుగుతారు, కట్నం మాట ఆ తర్వాత. వార్డెనమ్మ నవ్వలేదు. ఫిల్టరు దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. అతను ఓ గ్లాసుడు పట్టుకుని, వెలుగుకెత్తి చూసి, తాగి, ఇంకో గ్లాసు పట్టి మామ్మకిచ్చాడు. మామ్మ కాసేపు నాలుక చప్పరించి "పర్లేదు" అంది. అడ్మిషను అప్పుడు ఖాయమైంది.

180 పొట్లాన్ని మాత్రం వార్డెనమ్మ ససేమిరా తీసుకోనంది. సీటు నాన్నకి ఇది ఊహకందని పరిణామం. తక్కువైందేమో అనుకుని 210 కూడా కలిపాడు. ఆవిడ చేతులు జోడించింది. చివరికి అన్ని గ్రేడులూ పిల్ల గదిలోనే చేరాయి. ఆ రాత్రి ఫస్టియరు ఆడపిల్లలు నలుగురు, ఎగుమతికి తప్ప ఊళ్లో ఎవరూ తినని పప్పు తిన్నారు.

పెట్టె మంచం కింద పట్టలేదని మర్నాడు ఫోనొచ్చింది. మంచం కిందకి రెండు ఇటుకలు పెట్టమన్నాడు ఆర్మీ బావమరిది.

ఇప్పుడు సీటు నాన్న సాయంత్రాలు కాశీబుగ్గలో జెరాక్సు కొట్టు ముందు బల్ల మీద దొరుకుతాడు. కొట్టువాడే ఆ బల్ల వేశాడు, గిరాకీ పెరిగిందని. మొన్న పిక్కల వ్యాపారి ఒకతను కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు.

"బావా, మావోడిని కూడా ట్రిపులైటీలో ఏద్దామనుకుంతున్నాను. ముందు ఏటి సెయ్యాల?"

"నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు తీయించీ."

"ఆడింకా ఏడో తరగతి."

"ఐతే నాలుగోది, ఐదోది, ఆరోది ఇయ్యాలే తీయించీ. మాస్టార్లు బదిలీ అయిపోతారు."

ఆ పిల్లాడు తండ్రి చెయ్యి వదిలించుకుని, నాన్న చూడకుండా, పక్క కొట్టులో బత్తాయి సోడా తాగడానికి పోయాడు. సీటు నాన్న అతన్ని ఆపలేదు. సోడా వాడిని పిలిచి మాత్రం అడిగాడు.

"ఒరే, ఆ నీళ్లెక్కడివిరా?"