మొగలి ఊడ కుంచె ఆత్మకథ

వెంకటాచలానికి తూర్పున, సముద్రం వైపు ఇసుకనేలలో పెరిగిన మొగలి పొద ఊడను నేను. మూరెడు ముక్క కోసి, నానేసి, కొస చితక్కొడితే పీచు విచ్చుకుని కుంచెనయ్యాను. పులికాట్ గుల్లలు కాల్చి చేసిన సున్నం నాకు జోడు.

మొదట్లో పండగలకే నన్ను తలుచుకునేవాళ్లు. 1899లో గూడూరు నుంచి నెల్లూరు మీదుగా బెజవాడకు రైలు పడ్డాక, దూరపు కబుర్లూ రైలెక్కి వచ్చాయి. 1896లో బొంబాయిలో ప్లేగు రేగినప్పుడు ఇల్లిల్లూ సోదా చేశారట. కాపురానికి పనికిరాదని తేలిన ఇంటి మీద యు.హెచ్.హెచ్. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసేవారట. అందులో ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం ఏ గోడ మీదా రాయలేదు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు బాగుండదు.

మా ఇంటాయన పెరట్లో ఒక మట్టిగది అద్దెకిచ్చాడు. దానికి కిటికీ లేదు. పొయ్యీ అందులోనే, పడకా అందులోనే. కార్తీక మాసపు వానలకు గోడ మోకాలెత్తు దాకా చెమ్మెక్కేది. శానిటరీ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిస్తే చాలు, తెల్లారేలోగా నాతో రెండు పూతలు వేయించేవాడు. చెమ్మ మీదా పూశారు, మసి మీదా పూశారు, ఆఖరికి ఎలుక బొక్క మీదా పూశారు. ఎలుకల ఒంటిమీది పురుగులే ప్లేగును మోస్తాయని సిమండ్ అనే ఫ్రెంచి డాక్టరు 1898లోనే చెప్పాడు. సున్నానికి ఎలుక పారిపోతుందా?

నా పని మీద నాకు గర్వముంది. ఘాటైన సున్నం కంపును అణుస్తుంది, గదికి కాస్త వెలుగిస్తుంది. కానీ గాలిని తేలేను. ఆ గదిలో బాలింత రాత్రంతా దగ్గేది. తెల్లగా మెరిసే గోడ నా చేతి పనే, ఆ దగ్గును దాచిందీ నా పూతే.

పనయ్యాక నన్నెవరూ కడగలేదు. పీచులో సున్నం గట్టిపడి, విరిగి, చూరులో గుచ్చిన చోటే ఏళ్లూపూళ్లూ ఉండిపోయాను. 1939లో మద్రాసు ప్రజారోగ్య చట్టం వచ్చిందని అరుగు మీద చెప్పుకుంటుంటే అక్కడి నుంచే విన్నాను. తర్వాత కొత్త కుంచె కొన్నారు, నన్ను పెంటకుప్ప మీద పారేశారు.

కిటికీ పెట్టించమని ఇన్‌స్పెక్టరు ఒకసారి గట్టిగానే అడిగాడు. కోతలయ్యాక చూద్దామన్నాడు ఇంటాయన. కోతలు ఎన్నోసార్లు అయ్యాయి. ఇప్పుడా గదిలో వేరే కుటుంబం ఉంది, అద్దె పెరిగింది, కిటికీ ఇంకా లేదు.