అగ్గిపెట్టెల పట్టేంత కల

తమ్మీ, నా సలహాలు అందరి మాటకు ఉల్టా ఉంటయి. కోచింగ్ సెంటర్ల గోడల మీద పెద్ద కలలు కనుమని రాస్తున్నరు. నేను కలను చిన్నగ చేసుకొమ్మంట. అగ్గిపెట్టెల పట్టేంత.

సిరిసిల్ల నల్ల పరంధాములు చేసింది అదే. ఊరంతా మరమగ్గాల చప్పుడు మోగుతుంటే, ఆయన చేతిమగ్గం ముందట కూసొని అగ్గిపెట్టెల ఇమిడే చీర నేసిండు. తర్వాత కొడుకు విజయ్ ఆ పని పట్టుకున్నడు. మరమగ్గంతోని ఎంత నేసినవని పోటీ పడితే ఓడిపోతుండె. ఎంత సన్నగ నేసినవన్న దగ్గర మరమగ్గమే ఓడింది. కరీంనగర్ వెండి తీగపని చూడు, అదీ గంతే. వెంట్రుకంత తీగెలను మెలేసి, వంచి, ఒక్కొక్కటి అతికిస్తరు. తొందరపడి మంట ఎక్కువ పెడితే తీగె కరిగిపోతది.

నువ్వేమో గ్రూప్స్ పరీక్షలకని ఐదు పుస్తకాలు ముందటేసుకుంటవు. నాలుగు తీసి లోపల పెట్టు. ఒక్క పేజీ చదివి, పుస్తకం మూసి, అమ్మకు చెప్పు. అమ్మకు సమజైతేనే రెండో పేజీ. వారం దాక వెనుకబడ్డట్టే అనిపిస్తది, అనిపియ్యనీ.

ఇంగ్లిష్ వచ్చినంకనే అన్నీ మొదలుపెడతనని ఆగకు. కవి సినారె 1931ల హనుమాజీపేటల పుట్టిండు. చదివింది ఉర్దూ మీడియం, రాసింది తెలుగు కవిత్వం. 'విశ్వంభర' రాసిన ఆయనకు 1988 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. ఉర్దూ బడి ఆయన తెలుగును ఆపలే, తెలుగుల గజల్ రాసే చెయ్యినిచ్చింది. సర్కారు బడిల చదివిన, నాతోని ఏమైతది అని నువ్వనుడు నాకు మస్తు బాధైతది. ఆ బడిల నీకేం దొరికిందో కాయితం మీద రాయి.

ఇంకోటి చెప్తే మీ నాయన కోపానికొస్తడేమో. నౌకరి రాకపోతే ఏం చేస్తవో ఇప్పుడే అనుకొని పెట్టుకో. వేరే దారి ఉంటే పట్టుదల తగ్గుతదంటరు. నేనొప్పుకోను. వంగర పి.వి.నరసింహారావు 1991 లోక్‌సభ ఎన్నికల్ల నిలబడనే లేదు. ఇగ హైదరాబాద్ పోదామని పుస్తకాలు కట్టుకున్నడు. జూన్ 21న ప్రధానమంత్రి అయిండు. సామాను సదురుకున్నోళ్లందరికీ కుర్చీ దొరుకుతదని నేనంటలేను. ఆయనకు కుర్చీ లేకున్నా బతికే పని ఉండె: 'వేయిపడగలు' నవలను హిందీల పెట్టిన చెయ్యి అది, అరవై దాటినంక కంప్యూటర్ నేర్చిన బుర్ర అది. భయం తగ్గితేనే చదువు తలకెక్కుతది. ఫలితాలొచ్చిన దినం అమ్మ ఫోన్ ఎత్తని పిల్లల్ని చూసిన నేను. ఎత్తాలె బిడ్డా. ముందుగాల ఫోన్ ఎత్తాలె.

ఊరు విడిస్తేనే పెరుగుతమన్న మాట గూడ నమ్మకు. మార్లవాయి కనకరాజు గోండుల గుస్సాడీ ఆటనే నమ్ముకున్నడు, పిల్లలకు నేర్పిండు. 2021ల పద్మశ్రీ ఆయనను వెతుక్కుంట వచ్చింది. ఆయన ఇప్పుడు లేడు, నేర్పిన అడుగులు ఉన్నయి. దీపావళి దినాలల్ల గోండు గూడేలల్ల దండారి పండుగ జరుగుతది. నెమలీకల టోపీలు పెట్టుకొని గుస్సాడీలు ఊరూరు తిరుగుతరు. పరీక్ష దగ్గరున్నా సరే, ఆదిలాబాద్ బస్సెక్కి పో. పుస్తకం తీస్కపోకు.