డ్రమ్ముకు సేవలు చాలించండి

మా బావకి తాండూరులో పెద్ద జిరాక్సు షాపు. పెద్దదంటే షాపు కాదు, మిషను. ఇంటి ప్లాన్లు, వెంచర్ లేఅవుట్లు, క్వారీ నక్షాలు 36 అంగుళాల కాగితపు రోలు మీద గీసి బయట పడేస్తుంది. వికారాబాద్‌లో నాదీ అదే వ్యాపారం, అదే రకం సెకండ్‌హ్యాండ్ మిషను. మధ్యలో సుమారు 40 కిలోమీటర్ల రైలు దారి. బావ ఫోను చేశాడంటే కుశలప్రశ్నలుండవు. "బామ్మర్దీ, మళ్లా డ్రమ్ము పోయింది!" అంటాడు. ఎందుకు పోయిందో నాకు తెలుసు. పని ఎక్కువై కాదు, సేవ ఎక్కువై.

డ్రమ్మంటే మిషను లోపల తిరిగే గొట్టం. దాని పైపూత చీకట్లో చార్జి పట్టుకుంటుంది, వెలుగు పడితే వదిలేస్తుంది. ఆ తేడాను బట్టి టోనరు పొడి అంటుకుని బొమ్మ తయారవుతుంది. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్, ఆయన సహాయకుడు ఒట్టో కోర్నై ఈ విద్యను మొదటిసారి సాధించారు. అప్పుడు డ్రమ్మూ లేదు, మిషనూ లేదు. జింకు రేకు మీద గంధకం పూసి, చేతిరుమాలుతో రుద్ది చార్జి ఎక్కించారు. ఆ కబురు బావకి ఎవరు చేరవేశారో గానీ, ఆయన ఇప్పటికీ రుద్దుతూనే ఉన్నాడు.

రుద్దేది భుజం మీది తువ్వాలతో. తాండూరు అంటే బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు. నాపరాతి దుమ్ము చెప్పులతో వస్తుంది, గాలితో వస్తుంది, తువ్వాలలో కాపురం పెడుతుంది. దాంతో తుడిస్తే పోయే దుమ్ము కన్నా పడే గీతలే ఎక్కువ. ఒకసారి అలాంటి గీత ఓ లేఅవుట్ కాపీలో ఈ కొస నుంచి ఆ కొస దాకా తేలింది. రింగు రోడ్డు కబుర్లు జోరుగా నడుస్తున్న రోజులు. ప్లాటు కొనడానికి వచ్చినాయన దాని మీద వేలు పెట్టి, "గీ గీతేంది? రోడ్డు గిట్ల వస్తదా?" అన్నాడు. పక్కనున్న మధ్యవర్తి ముఖం వెలిగిపోయింది. బావ నిజాయితీపరుడు. మధ్యవర్తిని పక్కకి పిలిచి, "అన్నా, అది డ్రమ్ము మీది గీత" అన్నాడు. "డ్రమ్ము గీతో, దేవుడు గీసిన గీతో, గా గీతున్నయే ఇంకో ఇరవై తియ్యి సేటూ!" అన్నాడాయన.

ఇక దసరా. ఆయుధపూజ నాడు మిషనుకు పసుపు, కుంకుమ, పూలదండ మామూలే. బావ భక్తి అక్కడ ఆగలేదు. "అసలు పని చేసేది లోపలిది గదా" అని కవరు తీసి, ట్యూబులైటు వెలుగులో డ్రమ్ముకే బొట్టు పెట్టాడు. మర్నాటి నుంచి ప్రతి ప్లాను మీదా సమదూరంలో మచ్చలు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ మిషను ముట్టుకోలేదు. స్కేలు తీసుకుని మచ్చకూ మచ్చకూ మధ్య కొలిచాడు. 251 మిల్లీమీటర్లు. 80 మిల్లీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే సరిగ్గా అంతే. "ఇది డ్రమ్ము మీదే ఉంది సార్" అని తెరిచి చూసి, బావ వంక చూసి, దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో అడగలేదు.

నేను వికారాబాద్‌లో సుఖపడుతున్నానని కాదు. పక్కనే అనంతగిరి కొండలు, మూసీ పుట్టిల్లు. దుమ్ము తక్కువ గానీ వానాకాలం చెమ్మ ఎక్కువ. రోలు చెమ్మ పీలిస్తే అచ్చు వెలవెలబోతుంది. డ్రమ్ముకు చార్జి ఎక్కించే తీగ దగ్గర పుట్టే వాయువుల వల్ల డ్రమ్ము మీద పొర కడుతుంది, అది తడిస్తే గీతలు అలుక్కుపోతాయి. ఆ తీగ మురికి పట్టినా కాగితం పొడవునా చారలే. నేరం తీగది, రోలుది. ఉరిశిక్ష డ్రమ్ముకి.

ఆ మెకానిక్ చెప్పిన ఆయుర్వర్ధక సూత్రాలు ఇవీ. డ్రమ్ము బయటికి తీస్తే వెంటనే నల్లగుడ్డ కప్పాలి. పూత మీద వేలు పెట్టకూడదు, వేలి జిడ్డు కూడా అచ్చవుతుంది. కొత్త డ్రమ్ము బిగించేముందు కాస్త టోనరు పొడి అద్దాలి. లేకపోతే దాన్ని తుడిచే రబ్బరు బ్లేడు నీళ్లు పెట్టకుండా గడ్డం గీసినట్టే పట్టేసుకుని తిరగబడుతుంది. చవక రీఫిల్ టోనర్‌తో మిగిలే డబ్బు డ్రమ్ము బిల్లులో వడ్డీతో సహా పోతుంది. వానాకాలం రోలును ప్లాస్టిక్ కవర్లోనే ఉంచాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది లెక్కల సూత్రం. డ్రమ్ము ఆయుష్షు కాగితాల్లో కాదు, తిరిగిన చుట్లలో ఉంది. ఏ1 ప్లాను కొలత 594, 841 మిల్లీమీటర్లు. పొడుగు వైపు నడిపితే డ్రమ్ము 841 మిల్లీమీటర్ల దూరం తిరగాలి. అడ్డంగా తిప్పి పంపితే 594 చాలు. దాదాపు 30 శాతం అరుగుదల ఊరికే మిగిలినట్టు. పైగా ఒక్కో ప్లానుకీ మిషను లేపి పడుకోబెడితే ముందొక తిరుగుడు, వెనకొక తిరుగుడు వృథా. నాలుగు పనులు కూడబెట్టి ఒకేసారి కొట్టాలి. "అర్జెంటు సార్, ఒక్కటే" అని వచ్చేవాళ్లకు టీ ఇప్పించడం డ్రమ్ము కన్నా చవక.

కాబట్టి సోదర జిరాక్సు యజమానులారా, మచ్చ కనపడగానే కొత్త డ్రమ్ముకు ఆర్డరు పెట్టకండి. ముందు స్కేలు పట్టి కొలవండి, తర్వాత తీగ తుడవండి, అప్పటికీ పోకపోతే రోలు మార్చి చూడండి. పూజ కవరు పైనే చేయండి, తువ్వాల భుజం మీదే ఉంచండి. డ్రమ్ము మన దగ్గర కోరేది ఒక్కటే. మూత వేసి దాని మానాన దాన్ని వదిలేయడం.