డీకోడర్ డ్రైవర్ రాసేవాళ్లు వినకూడని సలహాలు

"పవర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచెయ్, గొడవ వదిలిపోతుంది."

కొత్త బోర్డు మీద లినక్స్ వీడియో డీకోడర్ డ్రైవర్ మొదలుపెట్టినవాళ్ల చెవిన పడే తొలి సలహా ఇది. ఇచ్చేవాళ్లు మంచి మనసుతోనే ఇస్తారు. బొమ్మ తెర మీదకు రాకముందే పవర్ డొమైన్లతో కుస్తీ ఎందుకన్నది వాళ్ల ఆలోచన. కానీ ప్రోబ్‌లో రాసిన ఆ ఒక్క లైను రిలీజ్ దాకా అక్కడే ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం కొన్ని దోషాలు బయటపడనే పడవు. క్లాక్ రాకముందే రిజిస్టర్ చదివే చోటు, రీసెట్ వదలకముందే రాసే చోటు, పవర్ పోయి వచ్చాక మళ్లీ నింపాల్సిన రిజిస్టర్‌ను మరిచిపోయిన చోటు అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. ఏడాది తర్వాత బ్యాటరీ నిలవడం లేదని ఇంకెవరో రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేస్తారు. అన్నీ ఒకేసారి మీద పడతాయి.

పడే తీరు కూడా దారుణంగా ఉంటుంది. క్లాక్ లేని బ్లాకులో రిజిస్టర్ చదివితే కొన్ని చిప్‌లలో బస్ జవాబు కోసం అలాగే ఎదురుచూస్తుంది. సీపీయూ బిగుసుకుపోతుంది, సీరియల్ కన్సోల్ మీద ఒక్క అక్షరం రాదు. మరికొన్నింటిలో అబార్ట్ వచ్చి కెర్నెల్ పానిక్ అవుతుంది. ఆ లెక్కన పానిక్ రావడమే అదృష్టం, కనీసం ఎక్కడ పోయిందో చెబుతుంది.

బ్రింగప్‌లో నిజంగా పవర్ పట్టుకుని ఉంచాల్సి వస్తే కోడ్ ముట్టుకోనక్కర్లేదు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డివైస్ పవర్ డైరెక్టరీలోని కంట్రోల్ ఫైలులో 'ఆన్' అని రాస్తే చాలు. పనయ్యాక 'ఆటో' అని రాయండి. రీబూట్ చేస్తే ఆ మార్పు దానంతట అదే పోతుంది.

"గెట్ ఫెయిల్ అవదులే, అయితే రిటర్న్ అయిపో."

పీఎం రన్‌టైమ్ గెట్ సింక్ అనే ఫంక్షన్‌కు ఒక గుణం ఉంది. డివైస్ మేలుకోకపోయినా సరే, వాడకం లెక్కను ఒకటి పెంచేస్తుంది. ఎర్రర్ చూసి నేరుగా బయటికొచ్చేస్తే ఆ ఒకటి అలాగే మిగిలిపోతుంది, ఇక ఆ డివైస్ నిద్రపోదు. ఎందరో అనుభవజ్ఞులు రాసిన మీడియా డ్రైవర్లలోనూ ఈ తప్పు ఉండేది. 2020 చివర్లో వచ్చిన 5.10 కెర్నెల్‌లో, విఫలమైతే లెక్కను తానే వెనక్కి తగ్గించే రెజ్యూమ్ అండ్ గెట్ చేరింది. 2021లో మీడియా డ్రైవర్లను వరసగా దానికి మార్చారు. మార్చేటప్పుడు మాత్రం పాత ఎర్రర్ దారిలో ఉన్న, లెక్కను తగ్గించే పుట్‌ను తీసేయండి. లేకపోతే ఒక గెట్‌కు రెండు పుట్‌లు పడి లెక్క కిందికి పోతుంది.

"ఫ్రేమ్ అయిన వెంటనే పవర్ తీసెయ్, అదే పొదుపు."

సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు, ఫ్రేముకు మధ్య 33 మిల్లీసెకన్లు ఉంటాయి. ప్రతి ఫ్రేముకూ డొమైన్ ఆపి లేపితే ఆ ఖర్చే పొదుపును తినేస్తుంది. లినక్స్‌లోని హాంట్రో డీకోడర్ డ్రైవర్ 100 మిల్లీసెకన్ల ఆటోసస్పెండ్ పెట్టుకుంది. వీడియో నడుస్తుంటే నిద్రపోదు, పాజ్ నొక్కితే పోతుంది. నాకు ఇది చాలా సబబైన లెక్కగా అనిపిస్తుంది.

"ఇరుక్కుంటే రీసెట్ కొట్టు."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే సలహా ఇది. సగం నిజం కాబట్టే అంత సులువుగా చెల్లుబాటవుతుంది. రీసెట్ కావాలి. హాంట్రో, సీడ్రస్ రెండు డ్రైవర్లలోనూ 2 సెకన్ల వాచ్‌డాగ్ ఉంది. ఆలోగా ఇంటరప్ట్ రాకపోతే హార్డ్‌వేర్‌ను రీసెట్ చేసి, ఆ జాబ్‌ను ఎర్రర్‌తో ముగిస్తాయి. అయితే ఆ రీసెట్ తీగ ఎక్కడెక్కడికి పోతుందో తెలుసుకోకుండా లాగకూడదు.

డీకోడర్ మెమరీలోకి రాస్తుండగా మధ్యలో రీసెట్ చేస్తే బస్ మీద సగంలో ఆగిన లావాదేవీ మొత్తం ఇంటర్‌కనెక్ట్‌నే ఆపేయవచ్చు. హార్డ్‌వేర్‌లో ఆపమనే బిట్ ఉంటే ముందు దాన్ని వాడి, బస్ ఖాళీ అయ్యాకే రీసెట్ చేయాలి. రాక్‌చిప్ డీకోడర్లలో ఐఓఎంఎంయూ డీకోడర్‌తో కలిసే ఉంటుంది. డీకోడర్‌ను రీసెట్ చేస్తే ఐఓఎంఎంయూ సెట్టింగులూ పోతాయి. వాటిని తిరిగి నింపకపోతే తర్వాతి ఫ్రేమే పేజ్ ఫాల్ట్‌తో పడిపోతుంది. ఐ.ఎంఎక్స్8ఎం చిప్‌లలో వీడియో డొమైన్‌ను బస్‌కు కలిపే వంతెనకు సొంత రీసెట్ బిట్టే లేదు, జీ1, జీ2 అనే డీకోడర్ బ్లాకుల బిట్లతోనే అదీ కదులుతుంది. జీ1 పనిలో ఉండగా జీ2 కోసం నడిచే కోడ్ తన ఇష్టానికి అవే రిజిస్టర్లను ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే ఆ పనిని డీకోడర్ డ్రైవర్ చేతుల్లోంచి తీసి, పవర్ డొమైన్‌గా పనిచేసే కంట్రోల్ బ్లాక్ డ్రైవర్‌కు అప్పగించారు.

షేర్డ్ రీసెట్ లైన్‌దీ ఇదే కథ. దాన్ని పంచుకునే డ్రైవర్లన్నీ అసర్ట్ చేస్తే తప్ప అది అసర్ట్ కాదు. మీ కాల్ సున్నా తిరిగిచ్చినంత మాత్రాన మీ బ్లాక్ రీసెట్ అయినట్టు కాదు.

ఇంకొకటి. ఉమ్మడి తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉన్న ఇల్లులాంటిది వాచ్‌డాగ్‌కూ ఇంటరప్ట్‌కూ మధ్య ఉన్న జాబ్. సరిగ్గా 2 సెకన్ల దగ్గర రెండూ ఒకేసారి వస్తే ఒకే జాబ్‌ను రెండుసార్లు ముగిస్తాయి. హాంట్రో దీనికి తీరైన దారి పట్టింది. ఇంటరప్ట్ వచ్చాక వాచ్‌డాగ్‌ను రద్దు చేయబోతుంది. రద్దు కాలేదని తేలితే వాచ్‌డాగ్ అప్పటికే పనిలో దిగిందని అర్థం, ముగింపు దానికే వదిలేస్తుంది. రద్దు కాల్ తిరిగిచ్చే విలువను ఎవరూ చూడరనుకుంటాం కానీ ఇక్కడ బరువంతా దాని మీదే.

రీసెట్‌కు ముందు స్టేటస్ రిజిస్టర్లను లాగ్‌లో రాసుకోండి. రీసెట్ తర్వాత అవి సున్నాలు, ఎందుకు ఇరుక్కుందో ఇక ఎవరికీ తెలియదు. ఆ బఫర్‌కు ఎర్రర్ ఫ్లాగ్ పెట్టి తిరిగివ్వండి. బాగానే వచ్చిందని అబద్ధమాడితే హెచ్.264లో ఆ పాడైన ఫ్రేమును రిఫరెన్సుగా పట్టుకున్న ఫ్రేములన్నీ తర్వాతి ఐడీఆర్ ఫ్రేము దాకా గళ్లుగళ్లుగా వస్తాయి. ప్లేయర్‌కు మాత్రం కారణం తెలియదు.

"సిస్టమ్ సస్పెండ్ సంగతి రన్‌టైమే చూసుకుంటుంది."

చూసుకోదు. మూత మూసినప్పుడు జాబ్ మధ్యలో ఉండవచ్చు. ముందు మెమ్-టు-మెమ్ సస్పెండ్ పిలిస్తే కొత్త జాబ్‌లు ఆగుతాయి, నడుస్తున్నది పూర్తయ్యేదాకా అది ఆగి చూస్తుంది. ఆ తర్వాతే ఫోర్స్ సస్పెండ్.

పరీక్ష ఎలా చేయాలంటారా? ఆటోసస్పెండ్ ఆలస్యాన్ని సున్నా చేసి వీడియో ఆడించండి, పవర్ దోషాలు నిమిషాల్లో బయటపడతాయి. కావాలని పాడుచేసిన ఫైలు ఇచ్చి వాచ్‌డాగ్‌ను మొరిగించండి. వీడియో నడుస్తుండగా ప్లేయర్‌ను కిల్ చేసి, కాసేపాగి రన్‌టైమ్ స్టేటస్ ఫైలు చదవండి. 'సస్పెండెడ్' అని కాక 'యాక్టివ్' అని ఉంటే ఎక్కడో ఒక పుట్ తక్కువైంది, ఎర్రర్ దారుల్లో వెతకడం మొదలుపెట్టండి.