ఎగ్జిబిట్ ‘ఎ’

2008 జూలైలో శాన్ ఫ్రాన్సిస్కో మేయర్ గావిన్ న్యూసమ్ గుట్టుచప్పుడు కాకుండా జైలుకు వెళ్ళారు. లోపలున్న తమ ఉద్యోగిని అడిగి పాస్‌వర్డ్‌లు తెచ్చుకోవడానికి.

ఆ ఉద్యోగి పేరు టెర్రీ చైల్డ్స్. ఫైబర్‌వ్యాన్ అనే నగర నెట్‌వర్క్‌ను కట్టి, కంటికి రెప్పలా చూసుకున్న ఇంజనీరు. జీతాలు, ఈమెయిళ్ళు, పోలీసు రికార్డులు అన్నీ దాని మీదే నడిచేవి.

ఇలాంటి నెట్‌వర్క్‌ను నడిపే రౌటర్‌కు ఎంత గట్టి పాస్‌వర్డ్ పెట్టినా, ఆ పెట్టె చేతికి చిక్కితే దాన్ని దాటడం పెద్ద పనేం కాదు. సిస్కో రౌటరైతే కన్సోల్ కేబుల్ తగిలించి, కరెంటు తీసి మళ్ళీ ఇచ్చి, మొదటి నిమిషంలోనే బ్రేక్ కీ నొక్కాలి. కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో 2102 ఉన్నచోట 2142 పెట్టాలి. అంతే, పాత కాన్ఫిగరేషన్‌ను చదవకుండానే రౌటర్ లేస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. మరచిపోయిన యజమాని కోసం కంపెనీ ఉంచిన దారి అది. దొంగకూ అదే దారి. దాన్ని మూసేయడానికి ‘నో సర్వీస్ పాస్‌వర్డ్ రికవరీ’ అనే కమాండ్ ఉంది. అది ఇచ్చాక ఆ దారిన ఎవరు వచ్చినా, ఉన్న కాన్ఫిగరేషన్ మొత్తం చెరిగిపోతే తప్ప పెట్టె లొంగదు.

చైల్డ్స్ కొన్ని పరికరాలకు ఈ తాళం వేశారు. మరికొన్నింటిలో ఇంకో అడుగు ముందుకు వేసి, కాన్ఫిగరేషన్‌ను సేవ్ చేయకుండా ర్యామ్‌లోనే ఉంచారు. కరెంటు పోతే అదీ పోతుంది.

జూలై 9న పై అధికారులు పిలిచి పాస్‌వర్డ్‌లు చెప్పమన్నారు. గదిలో పోలీసులున్నారు, స్పీకర్ ఫోన్‌లో ఇంకొందరు వింటున్నారు. ఆయన చెప్పినవి పనిచేయలేదు. అంతమంది వినేచోట పాస్‌వర్డ్ చెప్పడం భద్రతా నియమాలకే విరుద్ధమన్నది ఆయన వాదన. ఆ వాదనలో బలముంది. కానీ ఊరి తాళాలన్నీ ఒక్కడి తలలోనే ఉండటం క్షమించరానిది. రేపు ఆయనకే ఏదైనా అయితే ఊరి గతేమిటి? సీలు వేసిన కవరు ఒకటి బీరువాలో ఉండి, ఇద్దరు అధికారులు సంతకాలు పెడితేనే తెరిచే ఏర్పాటు ఉంటే ఈ కథే పుట్టేది కాదు. ఆ ఏర్పాటు చేయించాల్సింది చైల్డ్స్ ఒక్కరే కాదు, ఆయన మీద కూర్చున్నవాళ్ళు కూడా.

ఆయన్ని అరెస్టు చేశారు. బెయిలు 50 లక్షల డాలర్లు. నెట్‌వర్క్ మాత్రం ఆ రోజుల్లోనూ నడుస్తూనే ఉంది. చివరికి ఆయన పాస్‌వర్డ్‌లను మేయర్ ఒక్కరికే ఇచ్చారు. 2010 ఏప్రిల్‌లో జ్యూరీ దోషి అని తేల్చింది, ఆగస్టులో నాలుగేళ్ళ శిక్ష పడింది. తీర్పు చెప్పిన జ్యూరీలో ఒక నెట్‌వర్క్ ఇంజనీరు కూడా ఉన్నారు.

మధ్యలో జరిగింది ఒకటుంది. మేయర్ జైలుకు వెళ్ళివచ్చిన వారంలోనే బెయిలు తగ్గించాలన్న విన్నపం కోర్టు ముందుకొచ్చింది. తగ్గించడానికి వీల్లేదని డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం అడ్డుపడింది. ఈ మనిషి ఎంత ప్రమాదకరమో చూపడానికి ఆయన కంప్యూటర్‌లో దొరికిన ఒక జాబితాను ‘ఎగ్జిబిట్ ఎ’గా జతచేసింది. నగరంలోని వివిధ శాఖలు, బయటి నుంచి నెట్‌వర్క్‌లోకి రానిచ్చే వీపీఎన్‌లోకి వెళ్ళడానికి వాడే యూజర్‌నేమ్‌లూ పాస్‌వర్డ్‌లూ, సుమారు 150. లోపలికి పోవాలంటే వాటితోపాటు ఇంకో పాస్‌వర్డ్ కూడా కావాలన్నది నిజమే. కానీ కోర్టులో దాఖలైన కాగితం బహిరంగ పత్రం, ఎవరైనా చూసుకోవచ్చు.

అడిగినా చెప్పనందుకు చైల్డ్స్‌కు నాలుగేళ్ళు. ఎవరూ అడక్కుండానే ఊరందరికీ చెప్పింది ఆయన మీద కేసు నడిపిన ఆఫీసు.